ఆటే పాఠమయ్యే తరగతి: పాఠశాల సారథులు తెలుసుకోవలసిన సంగతులు

జాతీయ విద్యా విధానం–2020 దేశంలోని పాఠశాల విద్యను 5+3+3+4 దశలుగా పునర్వ్యవస్థీకరించింది. వీటిలో మొదటి ఐదేళ్లకు 'పునాది దశ' అని పేరు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు వరకు, అంటే పూర్వ ప్రాథమిక విద్యలోని మూడేళ్లు, ఆపై 1, 2 తరగతులు ఇందులోకి వస్తాయి. ఈ దశకు సంబంధించిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని కేంద్ర విద్యాశాఖ 2022 అక్టోబరు 20న విడుదల చేసింది. ఆ పత్రంలో బోధనా పద్ధతికి కేంద్రస్థానంలో ఉన్నది ఆట.

ఒక బడిలో ఈ మాట అమలవుతుందా, గోడమీది నినాదంగా మిగులుతుందా అన్నది చాలావరకు ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉంటుంది. టైంటేబుల్ వేసేది వారు. ఏ ఉపాధ్యాయురాలికి ఏ తరగతి ఇవ్వాలో నిర్ణయించేది వారు. కాపీ పుస్తకం ఎందుకు నిండలేదని అడిగే తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసింది కూడా వారే. అయితే ప్రధానోపాధ్యాయుల్లో అధికులు ఉన్నత తరగతుల్లో గణితమో, సాంఘిక శాస్త్రమో బోధిస్తూ ఆ స్థానానికి వచ్చినవారు. నాలుగేళ్ల పిల్లల తరగతిని ఎలా చూడాలో వారికి ఎవరూ శిక్షణ ఇచ్చి ఉండరు. పదో తరగతి గదికి వర్తించే కొలతలతో బాలవాటికను కొలిస్తే మంచి తరగతి అల్లరి గదిలా, పిల్లలు బిగుసుకుపోయి కూర్చున్న గది ఆదర్శ తరగతిలా కనిపిస్తుంది.

'ఆటవిడుపు' చెప్పే చరిత్ర

తెలుగులో ఈ విషయం మాట్లాడేటప్పుడు మొదటి చిక్కు మాటలోనే ఎదురవుతుంది. 'ఆటవిడుపు' అంటే చదువు నుంచి పిల్లలను ఆటకు విడిచిపెట్టే వేళ. చదువు ఒక చోట, ఆట మరో చోట అన్న విభజన ఆ పదంలోనే ఉంది. 'ఆటలాడుతున్నావా?' అన్నది మందలింపు. 'ఆటల పీరియడు' అంటే మైదానంలో గడిపే గంట. కనుక 'ఆట ద్వారా అభ్యసనం' అనగానే ఎక్కువ మందికి స్ఫురించేది పాఠం అయ్యాక ఇచ్చే విరామమో, పాఠానికి పూసే తీపిపూతో. పత్రం చెబుతున్నది ఈ రెండూ కాదు. ఈ వయసులో నేర్చుకునే పని ఆట రూపంలోనే జరుగుతుందని అది చెబుతోంది.

ఈ ఆలోచన దేశానికి కొత్తదీ కాదు, అరువు తెచ్చుకున్నదీ కాదు. న్యాయవాద వృత్తిని వదిలి ఉపాధ్యాయుడైన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని ప్రారంభించారు. ఆయన గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. అందులోని ఉపాధ్యాయుడి ప్రయోగం మొదటి రోజే తలకిందులవుతుంది. పిల్లలను ముందే ఇంటికి పంపినందుకు ప్రధానోపాధ్యాయుడు ఆయనను నిలదీస్తాడు. దాదాపు వందేళ్ల కిందటి పుస్తకంలో కూడా మొదటి ఘర్షణ ఉపాధ్యాయుడికీ ప్రధానోపాధ్యాయుడికీ మధ్యనే కావడం గమనించదగ్గది. గిజుభాయి సహచరి తారాబాయి మోదక్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీ, ఆ తర్వాత కోస్‌బాడ్ ప్రాంతాల్లో బడిని పిల్లల ముంగిళ్లకే తీసుకెళ్లారు. ఖరీదైన మాంటిస్సోరి సామగ్రికి బదులు గవ్వలు, గింజలు, రాళ్లు వాడారు. 'అంగన్‌వాడీ' అన్న మాటలోని 'ఆంగన్' ఆ ముంగిలే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ పేరును దేశమంతటా వ్యాపింపజేసింది.

ఆటల్లో మూడు తీరులు

పాఠ్యప్రణాళిక చట్రం ఆటను మూడు విధాలుగా గుర్తిస్తుంది. ఏం ఆడాలో, ఎలా ఆడాలో, ఎంతసేపు ఆడాలో పిల్లలే నిర్ణయించుకునేది స్వేచ్ఛగా ఆడే ఆట. పిల్లలే నడిపినా, ఉపాధ్యాయురాలు ఒక ఉద్దేశంతో సామగ్రిని అమర్చి, మధ్యమధ్య ప్రశ్నలతో దారి చూపేది మార్గదర్శకత్వంతో సాగే ఆట. నియమాలు ముందే ఉండి, ఉపాధ్యాయురాలు నడిపేది మూడోది. రోజులో ఈ మూడింటికీ చోటుండాలి. ఏదో ఒక్కదానితో సరిపెట్టడం కుదరదు.

ఒకే వస్తువుతో ఈ మూడూ ఎలా సాగుతాయో చూడాలంటే తెలుగువారి వామనగుంటల పీట చాలు. రెండు వరుసల్లో ఏడేసి చొప్పున 14 గుంటలు, పక్కన చింతగింజలు. నాలుగేళ్ల పాపకు పీట ఇచ్చి వదిలేస్తే గింజలు పోస్తుంది, ఒంపుతుంది, గలగలలాడిస్తుంది, ఒక గుంటను పొయ్యి చేసి గింజలను అన్నం చేస్తుంది. ఇది స్వేచ్ఛగా ఆడే ఆట. ఉపాధ్యాయురాలు వచ్చి పక్కన కూర్చుని, 'ప్రతి గుంటకూ ఒక్కో గింజ వస్తుందా? గింజలు మిగులుతాయా, గుంటలు మిగులుతాయా?' అని అడిగితే ఆట రెండో రకంలోకి మారుతుంది. గుంటకొక గింజ వేసుకుంటూ పోవడమంటే ఒకటికి ఒకటి జోడించడం, అన్ని లెక్కలకూ మొదలు అదే. 'ఒకటి, రెండు, మూడు' అని వందదాకా గడగడ అప్పజెప్పే పిల్లల్లో చాలామంది ఎదుట ఉన్న ఏడు గింజలను సరిగా లెక్కపెట్టలేరు. వేలు ఒక గింజ మీద ఉంటే నోరు మరో అంకె దగ్గర ఉంటుంది.

ఏడేళ్లు వచ్చేసరికి అదే పీటపై అసలు ఆట మొదలవుతుంది. గుంటకు నాలుగేసి గింజలతో ఆరంభిస్తే మొత్తం 56. ఒక గుంటలోని గింజలన్నీ తీసి వరుసగా ఒక్కోటీ వేసుకుంటూ వెళ్లాలి. చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలిగినవారు గెలుస్తారు. చూపుతోనే నాలుగని పోల్చుకోవడం, మనసులో కూడుకోవడం, ఎదుటివారి ఎత్తు పసిగట్టడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడితే ఓర్చుకోవడం ఈ ఒక్క ఆటలోనే ఉన్నాయి. ఉపాధ్యాయురాలి పాఠ్యపథకంలో 'వామనగుంటలు' అన్న ఒక్క మాట ఉంటే ప్రధానోపాధ్యాయులకు ఏమీ తెలియదు. అదే రోజు ఏ పిల్లల కోసం, ఏ ఉద్దేశంతో ఆ పీట తీశారో రాసి ఉంటే అది పథకం.

కాకి, పిచ్చుక, గేదె అంటూ పేర్లు చెబుతుంటే ఎగిరేవాటికి మాత్రమే చేతులెత్తే ఆట కూడా ఇటువంటిదే. 'గేదె ఎగిరింది' అన్నప్పుడు లేవబోయిన చేతిని ఆపుకోవడం చూడటానికి చిన్న సంగతి. కానీ తోచిందల్లా వెంటనే చేయకుండా నిగ్రహించుకోవడం, చెప్పినదాన్ని మనసులో నిలుపుకోవడం, నియమం మారితే దానికి తగ్గట్టు మారడం అనే మూడు శక్తులను మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు బడి చదువుకు అత్యవసరమైనవిగా పరిగణిస్తారు.

ఏది ఆట కాదో కూడా చెప్పుకోవాలి. రంగుల బొమ్మలున్న వర్క్‌షీటు ఆట కాదు. నలభై మంది ఒకేసారి ఒకే అభినయంతో ఇంగ్లిష్ గేయాన్ని అప్పజెప్పడం కంఠస్థమే, చేతులు ఊపినంత మాత్రాన ఆట అయిపోదు. టీవీలో పాట పెట్టి కూర్చోబెట్టడం అంతకన్నా కాదు. పిల్లలకు ఎంచుకునే వీలు, చేసి చూసే అవకాశం, తప్పినా భయం లేని వాతావరణం లేకపోతే బోర్డుపై 'ప్లేవే పద్ధతి' అని రాసి ఉన్నా ఫలితం లేదు.

పరిశోధనలు చెప్పేది, చెప్పనిది

ఆట గొప్పదని చెప్పే ఉపన్యాసాలకు కొదవలేదు. ప్రధానోపాధ్యాయులకు అవసరమైనది ఏ ఆట, ఎంతవరకు, దేనికి పనికొస్తుందన్న సమాచారం.

అమెరికాలో నాలుగైదేళ్ల వయసున్న 70 మంది పిల్లలతో జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. త్రిభుజం, చతురస్రం వంటి ఆకారాల లక్షణాలను ఒక జట్టుకు పెద్దలు వివరించి చెప్పారు. రెండో జట్టు పెద్దల ప్రోత్సాహంతో తామే అన్వేషించి కనుగొంది. మూడో జట్టు అవే వస్తువులతో ఇష్టం వచ్చినట్లు ఆడుకుంది. మార్గదర్శకత్వంతో ఆడినవారే ఆకారాలను బాగా గ్రహించారు. వస్తువులు ఇచ్చి వదిలేసినంత మాత్రాన ఆకారాల జ్ఞానం రాలేదు. 2022లో కేంబ్రిడ్జి పరిశోధకులు 39 అధ్యయనాలను సమీక్షించి దాదాపు ఇదే దిశలో తేల్చారు. తొలి గణిత నైపుణ్యాలు, ఆకారాల పరిజ్ఞానం వంటి విషయాల్లో మార్గదర్శకత్వంతో సాగే ఆట నేరుగా బోధించడం కంటే మెరుగైన ఫలితాలిచ్చింది. 'ఆడుకోనిస్తే చాలు, అన్నీ అవే వస్తాయి' అనేవారికీ, 'కూర్చోబెట్టి చెబితేనే వస్తుంది' అనేవారికీ ఇందులో పూర్తి మద్దతు దొరకదు.

మన దేశానికి మరింత దగ్గరి పాఠం ఢిల్లీ నుంచి వచ్చింది. ప్రథమ్ సంస్థ నడిపే ప్రీస్కూళ్లలో సగటున ఐదేళ్ల వయసున్న 1,540 మంది పిల్లలపై మొయిరా డిల్లన్, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు జరిపిన ప్రయోగ ఫలితాలు 2017లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమయ్యాయి. కొందరు పిల్లలు నాలుగు నెలలపాటు సంఖ్యలు, ఆకారాలతో కూడిన ఆటలు ఆడారు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూపుతో అంచనా వేయగల సహజ గణిత శక్తి వారిలో పెరిగింది, ఏడాదికి పైగా నిలిచింది కూడా. అయితే ఒకటో తరగతిలోకి వెళ్లాక అంకెలు, గుర్తులతో కూడిన బడి లెక్కల్లో వారు మిగిలినవారిని మించలేదు.

ఈ ఫలితాన్ని ఆట వ్యర్థమన్నదానికి సాక్ష్యంగా చూడటం తొందరపాటు. గింజల దగ్గర నేర్చినది పలకమీది '7' దగ్గరికి దానంతట అది నడిచి రాదన్నది ఇందులోని విశేషం. ఎవరో ఒకరు వంతెన వేయాలి. పాఠ్యప్రణాళిక చట్రం సూచించే క్రమం కూడా అదే: మొదట వస్తువుతో అనుభవం, తర్వాత దాని గురించి మాట, ఆపై బొమ్మ, చివరగా గుర్తు. ఏడు గింజలు చేత్తో వేసిన పిల్లవాడు 'ఏడు వేశాను' అని చెప్పాలి, ఏడు చుక్కలు గీయాలి, ఆ చుక్కల పక్కన '7' చూడాలి. మన బడుల్లో ఎక్కువగా జరిగేది చివరి మెట్టు నుంచి మొదలుపెట్టడం. ఆటల పేరుతో కొన్ని చోట్ల జరిగేది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవడం. రెండూ నష్టమే, మొదటిది మాత్రం చాలా విస్తృతంగా ఉంది.

ఆ విస్తృతి తెలుగు నేలపైనా నమోదైంది. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాంలలో దాదాపు 14,000 మంది గ్రామీణ పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల వరకు అనుసరించి చూశాయి. 2017లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం ఐదేళ్లు నిండిన పిల్లల బడి సంసిద్ధత ఆశించిన స్థాయికి చాలా దిగువన ఉంది. వయసుకు తగిన ఆటలు, కృత్యాలు ఉన్న చోట ఆ సంసిద్ధత మెరుగ్గా కనిపించింది. కానీ అటువంటి కేంద్రాలు అరుదు. ప్రైవేటు ప్రీస్కూళ్లు ఒకటో తరగతి పాఠాలనే కిందికి దించి చెబుతుండగా, అంగన్‌వాడీల్లో పిల్లలకు దక్కే విద్యా సమయమే స్వల్పమని తేలింది.

సమయం పెరిగితే ఏమవుతుందన్నదానికి తమిళనాడు జవాబిచ్చింది. 640 అంగన్‌వాడీ కేంద్రాల్లో జరిగిన ఒక ప్రయోగంలో కొన్ని కేంద్రాలకు పూర్వ ప్రాథమిక విద్య కోసమే పూట పనివేళలతో ఒక అదనపు కార్యకర్తను నియమించారు. బోధనకు దక్కే సమయం రెట్టింపైంది. 18 నెలల తర్వాత పిల్లల గణిత, భాషా సామర్థ్యాలు పెరిగాయి. పాత కార్యకర్తకు పోషకాహార సేవలపై దృష్టి పెట్టే వెసులుబాటు దొరకడంతో పిల్లల ఎదుగుదలలోనూ మెరుగుదల నమోదైంది. పద్ధతి ఎంత మంచిదైనా దానిని అమలు చేసే మనిషీ, తీరికా లేకపోతే ఏమీ జరగదన్నది ఇక్కడి సంగతి.

తెలుగు అక్షరం, పసి చేయి

తల్లిదండ్రుల ఒత్తిడి అంతా రాత చుట్టూ తిరుగుతుంది. 'అఆలు ఎప్పుడు రాయిస్తారు?' అన్న ప్రశ్న చేర్చిన నెలలోనే మొదలవుతుంది. తెలుగు లిపి స్వభావం తెలిస్తే ఆ ప్రశ్నకు నిలకడగా జవాబు చెప్పవచ్చు. వర్ణమాలలోనే యాభైకి పైగా అక్షరాలున్నాయి. గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లలు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లోకి వెళతాయి. 'మ–య', 'ప–వ', 'ద–ధ–థ' వంటి జంటల్లో తేడా ఒక చిన్న గీతో, చుక్కో, కొమ్మో. తెలుగుకు సోదర లిపి అయిన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలు అక్షరాభ్యాసం ఒకటి, రెండు తరగతుల్లో ముగిసే పని కాదని, నాలుగో తరగతి వరకు సాగుతుందని చూపాయి. ఇంగ్లిష్ 26 అక్షరాలకు వేసే కాలపట్టికను తెలుగుకు అంటించడం శాస్త్రీయం కాదు.

పైగా తెలుగు అక్షరం అంతా వంపులే. పెన్సిలు నిలిపి రెండు వైపులకూ గుండ్రంగా తిప్పడానికి మణికట్టు, వేళ్లు ఆ మేరకు బలపడాలి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం, బఠానీలు ఒలవడం, ఇసుకలో వేలితో గీయడం, చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వేయడం రాతకు ముందు మెట్లు. వీటిని దాటవేసి మూడేళ్ల చేతికి పెన్సిలిచ్చి పేజీలు నింపిస్తే అక్షరం వస్తుంది కానీ దానితోపాటు పెన్సిలు పట్టే తప్పుడు తీరు, రాత అంటే విసుగు కూడా వస్తాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే ఉండరాదని జాతీయ చట్రం చెబుతోంది.

రాతకు మరో ముందు మెట్టు చెవిలో ఉంటుంది. తెలుగు అక్షరం సాధారణంగా ఒక పలుకుబడికి గుర్తు కాబట్టి, మాటను పలుకులుగా విడగొట్టగలిగిన పిల్లలకు లిపి త్వరగా పట్టుబడుతుంది. హాజరు వేళ ఎవరి పేరుకు వారు చప్పట్లు కొట్టడం (రమణకు మూడు, కృష్ణకు రెండు), చివరి అక్షరంతో కొత్త మాట అందుకోవడం వంటి ఆటలు ఖర్చులేనివి, ఐదు నిమిషాలకు మించనివి. ఏ కాపీ పుస్తకమూ చేయలేని పనిని ఇవి చేస్తాయి.

ఇసుకను అన్నం చేసి వడ్డించే గుజ్జనగూళ్ల ఆటకూ చదువుకూ సంబంధమేమిటని అడగవచ్చు. రష్యన్ మనోవిజ్ఞానవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ప్రసంగంలో దీనికి వివరణ ఉంది. కర్రను గుర్రం చేసుకున్న బిడ్డ ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలబడగలదని తొలిసారి గ్రహిస్తుంది. అక్షరం శబ్దానికి, అంకె పరిమాణానికి గుర్తుగా నిలవడం ఆ శక్తికి కొనసాగింపే.

ఏ భాషలో ఆట?

ఈ చర్చల్లో తగినంతగా వినిపించని ప్రశ్న ఇది. ఆట మాటలతో నడుస్తుంది. 'నువ్వు అమ్మవి, నేను డాక్టరుని, ఇది సూది' అని పాత్రలు పంచుకోవడం, 'నా వంతు', 'కాదు, ఇందాక నువ్వు తొండి చేశావు' అని వాదించడం పిల్లలు చేసే అతి క్లిష్టమైన భాషా ప్రయోగాల్లో ఒకటి. ఇంగ్లిష్ తప్ప మాట్లాడరాదన్న నియమం ఉన్న ఎల్‌కేజీ గదిలో ఆట మూలలు ఎన్ని అమర్చినా పిల్లలు మూగగా బ్లాకులు పేర్చుతారు. మాట ఆగితే ఆట పలచబడుతుంది, ఆటతోపాటు ఆలోచన కూడా. కొత్త భాషను పాటలు, పలకరింపులు, చిన్న ఆటల ద్వారా పరిచయం చేయడానికి ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా ఇంటి భాషను గుమ్మం బయట విడిచి రమ్మనడంపైనే.

ఆదిలాబాద్‌లో గోండి, కొలామీ, భద్రాచలం ప్రాంతంలో కోయ, తండాల్లో లంబాడీ, విశాఖ మన్యంలో కువి, పట్టణ బస్తీల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగు కూడా బడిలో ఎదురయ్యే కొత్త భాషే. ఉపాధ్యాయురాలి మాట అర్థంకాని మొదటి నెలల్లో ఆ పిల్లలు తమ తెలివి చూపగల చోటు ఆట ఒక్కటే. పులిజూదంలో ఎత్తు వేయడానికి తెలుగు అక్కర్లేదు. భాష రాకపోవడాన్ని మందమతిగా పొరబడి వెనుక వరుసకు పంపే ప్రమాదం నుంచి అది వారిని కాపాడుతుంది. వీలైనంత మేరకు మాతృభాషలో బోధన, కృత్యాలు–అన్వేషణ ద్వారా అభ్యసనం అనే రెండింటినీ 2009 నాటి విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ ఒకే చోట పేర్కొంది. ఆ చట్టం ఆరేళ్లు నిండినవారికి వర్తించేదే అయినా, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందించే ఏర్పాట్లు ప్రభుత్వాలు చేయవచ్చని 11వ సెక్షన్ చెబుతోంది.

తరగతి గదిలో ఏం చూడాలి

పరిశీలనకు వెళ్లిన ప్రధానోపాధ్యాయులు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే శబ్దమే వినిపిస్తుంది. పది నిమిషాలు నేలమీద కూర్చుంటే ఆ శబ్దం దేని గురించో తెలుస్తుంది. పిల్లలు చేస్తున్న పని గురించి మాట్లాడుకుంటున్న సందడి వేరు, చేయడానికి ఏమీ లేక పుట్టిన అల్లరి వేరు. దూరం నుంచి రెండూ ఒకేలా వినిపిస్తాయి.

ఆ పది నిమిషాల్లో ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో గమనించడం అన్నిటికన్నా ఉపయోగకరం. ఉపాధ్యాయురాలి ప్రశ్నలకు 'అవును', 'కాదు', రంగు పేరు వంటి ఒక్క మాట జవాబులే వస్తుంటే ఆట పైపైన సాగుతున్నట్లు. 'ఎందుకు పడిపోయింది?', 'ఇంకోలా పెడితే?' వంటివి వినిపిస్తే లోతుగా సాగుతున్నట్లు. సామగ్రి బీరువాలో తాళం వెనుక ఉందా, పిల్లల చేతికందే ఎత్తులో ఉందా అన్నది మరో గుర్తు. 2023 ఫిబ్రవరి 20న కేంద్రం ఆవిష్కరించిన 'జాదుయీ పిటారా' బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు, పోస్టర్లతో కూడిన పెట్టె. పాడవుతాయన్న భయంతో, జాబితాలో లెక్క తప్పుతుందన్న భయంతో అటువంటి పెట్టెలను మూసి ఉంచే అలవాటు ప్రభుత్వ కార్యాలయాలది. వాడగా విరిగిన బొమ్మకు సంజాయిషీ అడగబోమని ప్రధానోపాధ్యాయులు ముందే చెబితే సగం పెట్టెలు తెరుచుకుంటాయి. పెట్టె రాకపోయినా ఏటికొప్పాక లక్కబొమ్మలు, సీసా మూతలు, కొబ్బరి చిప్పలు, పాత చీర ముక్కలతో బొమ్మల మూల సిద్ధమవుతుంది. మరీ చిన్న పిల్లలున్న గదిలో గింజలు, గోలీలు, పూసల దగ్గర మాత్రం పెద్దల కన్ను తప్పనిసరి. నోట్లోకో, ముక్కులోకో పోయే వస్తువులవి.

ఎవరు ఆడటం లేదో చూడటం కూడా పరిశీలనలో భాగమే. మూలన నిలబడి చూస్తున్న బిడ్డకు వినికిడి లోపమా, కొత్త భాషా, భయమా, లేక అలా చూస్తూ నేర్చుకునే స్వభావమా అన్నది ఉపాధ్యాయురాలితో మాట్లాడితేనే తేలుతుంది. బ్లాకులు మగపిల్లల దగ్గర, వంటపాత్రలు ఆడపిల్లల దగ్గర చేరుతుంటే మూలలను వారానికోసారి మార్చి అమర్చడం ఒక ఉపాయం.

టైంటేబుల్, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు

ఆట ముదరడానికి సమయం కావాలి. పాత్రలు పంచుకుని, సరంజామా సర్దుకుని ఆట మొదలయ్యేసరికే పదిహేను నిమిషాలు గడుస్తాయి. అప్పుడే గంట కొడితే మిగిలేది ఏమీ లేదు. పెద్ద తరగతుల గంట లయకు బాలవాటికను కట్టివేయకుండా, ఉదయం ఒక దీర్ఘమైన నిడివిని కదిలించకుండా ఉంచడం ప్రధానోపాధ్యాయులు చేయగల మొదటి సహాయం. సిలబస్ వెనకబడినప్పుడు, వార్షికోత్సవ సాధన వచ్చినప్పుడు మొదట కోతపడేది ఈ సమయానికే.

ఇక నియామకం సంగతి. అనుభవజ్ఞులను పదో తరగతికి, కొత్తగా చేరినవారిని చిన్నపిల్లలకు కేటాయించడం బడుల్లో ఆనవాయితీ. నిజానికి ఆటను గమనించి సరైన క్షణంలో సరైన ప్రశ్న వేయడం బోధనలో కష్టతరమైన పని. జాతీయ ప్రమాణాలు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు 20 మందికి ఒకరు ఉండాలంటున్నాయి. నలభై మందిని ఒక్కరికే అప్పగించి ఆటపాటలతో నడపమంటే అది ఆచరణ సాధ్యం కాదు. ఆయానో, తల్లుల బృందంలో ఒకరినో వంతులవారీగా గదిలో ఉంచడం, సగం మంది ఆరుబయట ఉండగా సగం మందితో పనిచేయడం తాత్కాలిక పరిష్కారాలు మాత్రమే.

తల్లిదండ్రుల సందేహం అజ్ఞానమేమీ కాదు. చదువే బిడ్డకు ఉన్న ఏకైక ఆస్తి అనుకునే కుటుంబానికి నిండిన కాపీ పుస్తకం కళ్లకు కనిపించే రుజువు. దానిని తీసేస్తే బదులుగా మరో రుజువు చూపవలసిన బాధ్యత బడిదే. జూన్‌లో గీసిన బొమ్మ పక్కన నవంబరులో గీసిన బొమ్మ, బిడ్డ చెప్పిన కథను ఉపాధ్యాయురాలు తేదీతో రాసిపెట్టిన కాగితం అటువంటి రుజువులు. సమావేశంలో ఉపన్యాసానికి బదులు తల్లిదండ్రులనే గింజల దగ్గర కూర్చోబెట్టి ఆడించి, ఇప్పుడు మీరు ఏమేం చేశారని అడిగే బడుల్లో వివరణ అవసరం తగ్గుతుంది.

పునాది దశలో పరీక్షలు తగవని జాతీయ చట్రం స్పష్టం చేసింది. మూల్యాంకనం లేదని దానికి అర్థం కాదు. ఉపాధ్యాయురాలు రోజుకు నలుగురైదుగురు పిల్లల గురించి రెండేసి వాక్యాలు రాసుకుంటే నెల తిరిగేసరికి తరగతి మొత్తం ఆమె పుస్తకంలోకి వస్తుంది. ప్రధానోపాధ్యాయులు సంతకం చేయవలసినది ఆ పుస్తకం మీద. 'చురుకైన బాలిక', 'పర్వాలేదు' వంటి రాతలుంటే వెనక్కి పంపాలి. 'ఎనిమిది మూతలు లెక్కపెట్టింది, తొమ్మిది దగ్గర తడబడింది' అన్నది పనికొచ్చే రాత.

ఒకటో తరగతి ఉపాధ్యాయులకు ఈ పుస్తకం అందకపోతే ఈ శ్రమంతా వేసవి సెలవుల్లో ఆవిరవుతుంది. అంగన్‌వాడీ నుంచి వచ్చినవారు, ప్రైవేటు యూకేజీ నుంచి వచ్చినవారు, ఎక్కడికీ వెళ్లనివారు ఒకే బెంచీపై కూర్చునే తరగతి అది. ఈ అంతరాన్ని పూడ్చేందుకే 2021 జులై 29న 'విద్యా ప్రవేశ్' ప్రారంభమైంది. ఒకటో తరగతిలో చేరినవారికి తొలి మూడు నెలలు ఆటలతో కూడిన సంసిద్ధతా కార్యక్రమం అది. జూన్ రెండో వారంలోనే పాఠ్యపుస్తకం తెరిచేశారా, ఆ 12 వారాలూ నిజంగా జరుగుతున్నాయా అన్నది ప్రధానోపాధ్యాయులు ఈ విద్యా సంవత్సరంలోనే తమ బడిలో సరిచూసుకోగలిగిన విషయం.